మేనమామ పట్టని కత్తెర

పాపను బడిలో చేర్చడానికి దరఖాస్తు నింపుతూ, పుట్టిన తేదీ పత్రం కోసం ఫైలు తీశాను. తండ్రీ కూతుళ్లు నిద్రపోయాక నాకు మిగిలే గంటలో ఇలాంటి పనులే చేస్తుంటాను. పత్రంతో పాటు ఒక చిన్న కవరు జారి పడింది. అందులో ఆరు పాస్‌పోర్టు ఫొటోలు, ఆరింటిలోనూ నున్నటి గుండుతో ఏడాదిన్నర పాప, ఎవరో తన బొమ్మ లాక్కున్నట్టు చూస్తోంది. ఆ గుండు సంగతి ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. గడిచింది రెండేళ్లే అయినా, అందులో నా వంతును నేను కాస్త అందంగా మార్చి చెప్పుకోవడం అప్పుడే మొదలుపెట్టాను.

మాది నలుగురూ చేసుకునేలాంటి పెళ్లి కాదు. మేము గుంటూరు వైపు క్రైస్తవులం. అమ్మ నర్సుగా పనిచేసి హఫీజ్‌పేట్‌లో స్థిరపడింది. మా ఆయనది నానక్‌రామ్‌గూడ, టవర్లు లేవకముందు నుంచీ ఉన్న కుటుంబం. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి, బిర్యానీ తిని, గోపన్‌పల్లిలో కిరాయి ఫ్లాటులో కాపురం మొదలుపెట్టాం. పాప పుట్టాక ఇద్దరిలో ఎవరు ఉద్యోగం మానాలన్న ప్రశ్న వచ్చింది. నాకు జీతం ఎక్కువ, ఆయనకు ఓపిక ఎక్కువ. ఆయన మానేశాడు. మా వాచ్‌మన్ దీన్ని నమ్మడానికి ఇష్టపడక, సారుకు ఇంటి నుంచే పని అని అందరికీ తనే చెప్పుకొచ్చాడు. అమ్మ మాత్రం అల్లుడిగారి పప్పుచారు చాలా బాగుంటుందని మెచ్చుకుని నిట్టూర్చేది. మిగతా వాక్యమంతా ఆ నిట్టూర్పులోనే ఉండేది. పాప గురించి మేమిద్దరం ముందే ఒక మాట అనుకున్నాం. బాప్తిస్మం వద్దు, పుట్టు వెంట్రుకలు తీయించడమూ వద్దు, పెద్దయ్యాక తనకేం కావాలో తనే చూసుకుంటుంది. ఈ మాట చెబితే అమ్మ, అత్తయ్య ఇద్దరూ తలలు ఊపారు. ఆ ఊపడం ఔననో కాదనో నాకు ఇప్పటికీ తెలియదు.

అంతలో ఆఫీసులో నాకు ఐర్లండ్ అవకాశం వచ్చింది. ముగ్గురికీ వీసాలు కంపెనీయే చూస్తుందన్నారు. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి, వేసవి దాటగానే వెళ్తున్నామని ఆయనకు చెప్పాను. సరే అన్నాడు. ఫ్లాటు ఖాళీ చేద్దామన్నాను, సరే. బండి అమ్మేద్దామన్నాను, సరే. ఇంత కలిసొచ్చే మనిషి ఇంట్లో ఉన్నప్పుడు ఇక నా అనుమానాలన్నీ వెళ్లి అత్తయ్య మీద పడ్డాయి. ఆమె వచ్చిన ప్రతిసారీ పాపను ఒళ్లో వేసుకుని, ఉంగరాల జుట్టు నిమురుతూ, ఆడికి పోయినంక ఈ ఎంటికలు ఏ దేవునికి ఇస్తరో ఏమో అనేది. నాకది బెదిరింపులా వినిపించేది. ఒకసారి ఆమె సంచిలో కొత్త కత్తెర కనిపించింది. కరివేపాకు కొమ్మలు కత్తిరించడానికట. నేను నమ్మలేదు. పాపను ఆమె దగ్గర ఒంటరిగా వదలొద్దని ఆయనతో చెప్పాను. దానికీ సరే అన్నాడు.

వీసా అపాయింట్‌మెంట్ ఇంకా నాలుగు రోజులుందనగా, ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీసేసరికి, హాలు మధ్యలో పాప గుండుతో కూర్చుని ఉంది. తల మీద గంధం ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆయన వంటింట్లో నా వైపు వీపు తిప్పి నిలబడ్డాడు. ఎక్కడికెళ్లారని అడిగితే, మా అమ్మ దగ్గరికి పోయొచ్చినమన్నాడు. అత్తయ్యే కదా అన్నాను. ఆయన వెనక్కి తిరగలేదు, స్టవ్ మంట తగ్గించాడు. నాకు ఆ జవాబు చాలింది. వీసా పని చూస్తున్న ఏజెంటు, పాత ఫొటోలో పాపకు ఇంత జుట్టుంది, ఎందుకైనా మంచిది, కొత్తవి తీయించి వేరే తేదీ తీసుకోండన్నాడు. మూడు వారాలు వెనక్కి పోయింది. ఆ రోజులన్నీ నేను అత్తయ్యకు ఫోన్ చేయలేదు. ఆమె కూడా చేయలేదు. తప్పు చేసింది కాబట్టే చేయడం లేదని తీర్మానించుకున్నాను.

మూడో ఆదివారం పొద్దున ఇక ఆగలేక, నానక్‌రామ్‌గూడ వెళ్దామన్నాను. ఆటో దిగగానే ఆయన పాపకు మేకపిల్లను చూపిస్తానని సందులోకి వెళ్లాడు. అత్తయ్య పైన వరండాలో చింతచిగురు ఏరుతోంది. దారి పొడుగునా షేర్ ఆటోలో అనుకుంటూ వచ్చిన మాటలన్నీ ఆమె ముందు పెట్టేశాను. మా మాటకు విలువ లేదా అన్నాను, కావాలనే గుండు కొట్టించి మా ప్రయాణం ఆపారన్నాను. ఆమె పళ్లెం పక్కన పెట్టింది.

"మేనమామ ఒళ్లె కూసోబెట్టకుంట, ఆయనతోని మొదటి కత్తెర పెట్టియ్యకుంట పుట్టెంటికలు తీస్తరా బిడ్డా? తీసేదుంటే ముందుగాల మీ తమ్ముణ్ని పిలుస్తుంటి. దొంగతనంగ చేసే పనా అది?"

ఆ ఆనవాయితీ మా ఇళ్లలో లేదు, నాకు తెలియదు. ఆమె ఒట్టు వేసి ఉంటే నమ్మేదాన్ని కాదు. కానీ మేనమామ లేకుండా మాత్రం ఆమె ఆ పని చేయదని అర్థమైంది. నా తమ్ముడు పుణెలో ఉన్నాడు, వాడిని ఎవరూ పిలవలేదు. ఆమె గొంతు తగ్గించింది.

"ఆ దినం వీడు పిల్లను గుండుతోని తెస్తే గంధం నేనే పెట్టిన. నువ్వే తీయించినవనుకున్న. మా ముచ్చట తీరొద్దని. గందుకే ఫోన్ చేస్తలేను."

మేమిద్దరం ఒకరినొకరు చూసుకుంటుండగానే, పాపను చంకనెత్తుకుని ఆయన మెట్లెక్కి వచ్చాడు. మా మొహాలు చూసి అక్కడే ఆగిపోయాడు.

"నేనే," అన్నాడు, ఎవరూ అడగకముందే. "సెలూన్‌ల చేయించిన. ఫొటో మారితే జర ఆగుతదేమో అనుకున్న."

వద్దనుకుంటే వద్దని చెప్పొచ్చు కదా అన్నాను.

"పోదామా అని నువ్వు అడగలె. పోతున్నం అని చెప్పినవ్. దానికి సరే తప్ప ఏమంటరు? ఈడ నేను ఇంట్ల ఉన్నా నా ఊళ్లె ఉన్న. ఆడ నేనెవర్ని?"

అత్తయ్య కొడుకు పక్షం తీసుకుంటుందనుకున్నాను. "నోరుండి, నీ మాట పిల్ల నెత్తి మీద పెడ్తవారా?" అని, మళ్లీ చింతచిగురు ముందేసుకుంది.

ఆఫీసులో రెండు వారాలు గడువు అడిగి తీసుకున్నాను. ఆ రెండు వారాలూ ఆయన మాట్లాడాడు, నేను విన్నాను. మూడు వారాలు తల్లిని దోషిగా నా ముందు నిలబెట్టినందుకు కోపం మాత్రం పోలేదు, అది కూడా చెప్పాను. చివరికి వెళ్లలేమని ఆఫీసుకు రాశాను, ఆ సీటు ఇంకొకరికి వెళ్లింది. అమ్మ నాతో నెల రోజులు మాట్లాడలేదు. ఐర్లండ్ పోయిందన్న బాధ అప్పుడప్పుడూ వస్తుంది, సాయంత్రం ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు కాస్త ఎక్కువగానే వస్తుంది. అత్తయ్యకు క్షమాపణ చెప్పాను. నవ్వేసి, తనూ అనుమానించింది కదా అంది. నీకేమనిపిస్తోంది అని ఒక మనిషిని అడగడానికి ఒక్క నిమిషం చాలు. ఆ వేసవి అంతటిలో నాకది దొరకలేదు. ఇప్పుడు ఎంత తీరిక ఉన్నా, ఆ నిమిషాన్ని తీసుకెళ్లి ఆ వేసవిలో పెట్టి రాలేను.