రెండు పుట్టుమచ్చలు

మొన్న బడి నుంచి వస్తూనే మా మనవరాలు సంచీ మంచం మీద పారేసి, రేపటికల్లా తనకు రెండు పుట్టుమచ్చలు కావాలంటూ ఇల్లంతా ఒకటే హడావిడి చేసింది. పదో తరగతి పరీక్షకు పంపే కాగితంలో రాయాలట. వాళ్లమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి మెడ వెనక చూసింది, నాయనమ్మ కళ్లద్దాలు పెట్టుకుని మోచేతులు తిప్పి తిప్పి చూసింది. చివరకు ఒకటి దొరికి రెండోది దొరక్క, ఏదో ఒకటి రాసేస్తే పోలా, ఎవరు చూడొస్తారు అని ఆ పిల్లే తేల్చేసింది. అంతవరకు పేపరు చదువుకుంటున్న నాకు ఎక్కడలేని కోపం వచ్చి, అట్లా రాయకూడదని గట్టిగానే అరిచాను. ఈ ముసలాయనకు ఏమొచ్చింది అన్నట్టు ఇంటిల్లిపాదీ నా వైపు చూశారు. వాళ్లకేం తెలుసు పాపం, నేను ఎప్పుడూ చెప్పనే లేదు.

నా ఈడువాళ్లకు ఎస్సెల్సీ బుక్కు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఇప్పుడు పిల్లల మార్కులు సెల్లులోకి వచ్చి పడుతున్నాయి గానీ, మనకు బడి చివరి పరీక్షకు ఇచ్చేది నిజంగానే ఒక పుస్తకం. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఒంటి మీది గుర్తులు రెండు, ఏ పరీక్షలో ఎన్ని మార్కులు, కింద హెడ్మాస్టరు గారి సంతకం, అన్నీ అందులోనే ఉండేవి. ఫోటో మాత్రం ఉండేది కాదు. మనిషిని పోల్చుకోవాలంటే ఆ రెండు గుర్తులే ఆధారం.

ఆళ్లగడ్డ నుంచి దొర్నిపాడు పోయే దారిలో ఉన్న మా ఊళ్లోకి ఆ బుక్కును మొదట తెచ్చినవాడు మా చిన్నాయన, అంటే మా నాయనకు తమ్ముడు. అవి పెద్ద యుద్ధం రోజులు, నేను ఉయ్యాలలో ఉన్నాను. ఆయన నంద్యాలలో ఎస్సెల్సీ ప్యాసయి, ఇంటికి కూడా రాకుండా, బుక్కు చూపించి మిలిటరీలో చేరిపోయాడు. చేరిన తరువాత ఆ బుక్కును తోటి విద్యార్థి చేతికిచ్చి మా జేజికి పంపాడు. జేజి అంటే మా నాయనను కన్నతల్లి. యుద్ధం అయిపోయి వచ్చాక మాస్టరు ట్రైనింగుకు పోతాననీ, అప్పుడు ఇది కావలసి వస్తుందనీ, భద్రంగా పెట్టమనీ కబురు చెప్పించాడట. బర్మా వైపు నుంచి నాలుగు ఉత్తరాలు వచ్చాయి. ఆ తరువాత, మనిషి కనిపించడం లేదని ఒక కాగితం వచ్చింది. చనిపోయాడని ఎవరూ రాయలేదు గనక జేజి కర్మ చేయనివ్వలేదు. ఫోటో తీయిస్తే ఆయుష్షు తగ్గుతుందని చిన్నప్పుడు ఆమే అడ్డం పడిందట, అందుకని ఇంట్లో చూసుకుందామన్నా ఆయన రూపం లేదు. ఆ బుక్కొక్కటే మిగిలింది. దాన్ని పసుపు గుడ్డలో మూటగట్టి పెట్టెలో దాచుకుంది.

నాకు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చిన నాటి నుంచి ఆ బుక్కు చదివి వినిపించడం నా పని అయింది. అమావాస్యనాడు ఎద్దులకు కాడి కట్టరు గనక ఇంట్లో అందరికీ తీరిక. మధ్యాహ్నం భోజనాలయ్యాక జేజి మూట విప్పి, చిరిగిన అట్ట మూలను వేళ్లతో తడిమి, నా చేతిలో పెట్టేది. ఆమె కళ్లకు అప్పటికే పొరలు కమ్మి, మనుషులను గొంతును బట్టే పోల్చుకునేది. నేను మొదటి నుంచీ చదువుతూ తెలుగులో చెప్పేవాణ్ని. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ, కుడి మోకాలి కింద గాయపు మచ్చ అనే చోటికి రాగానే ఆమె చెయ్యి ఎత్తేది. విత్తనాలు వేసే గొర్రు మీద పడి ఆ దెబ్బ ఎట్లా తగిలిందో, తను పసుపు అద్ది ఎట్లా కట్టు కట్టిందో, వాడు ఎంత రాగం తీశాడో చెప్పి ఒకసారి నవ్వి, ఒకసారి ఏడ్చి, ఊఁ, సదువు నాయనా అనేది. నేను ఒక్క ముక్క అటూ ఇటూ చదివితే వెంటనే పట్టుకునేది. లెక్కల్లో అరవై ఎనిమిదిని అరవై ఆరు అన్నందుకు ఒకసారి నా నెత్తిన మొట్టింది కూడా.

నేనూ నంద్యాలలోనే చదివి ఎస్సెల్సీ రాసిన ఏడు పంతొమ్మిది వందల అరవై. యుద్ధం ఇంకా రాలేదు గానీ, సరిహద్దులో చైనా వాళ్లు మన జవాన్లను కాల్చారన్న వార్త కిందటి ఏడే విని ఉన్నాం, నంద్యాల టీ కొట్లలో అదే మాట. పరీక్షలకు ముందు పెట్టిన వీడ్కోలు సభలో, బూందీ పొట్లాలు చేతుల్లో పట్టుకుని మేమంతా బెంచీల మీద కూర్చుంటే, హెడ్మాస్టరు గారు లేచి, మీలో కొందరినైనా ఈ దేశం పిలుస్తుంది అన్నారు. ఎప్పుడూ బెత్తంతో తప్ప మాట్లాడని మనిషి అంత మెత్తగా ఆ మాట అనేసరికి మేము పొట్లాలు విప్పడం మరిచిపోయాం. ఆ సాయంత్రం రైలు స్టేషను అరుగు మీద కూర్చుని ఒకడు కాలువ ఓవర్సీరు అవుతానన్నాడు, ఒకడు రైల్వేలో చేరతానన్నాడు. మా ఊరి శెట్టిగారి రెండో కొడుకు, నా ప్రాణ స్నేహితుడు, నేను మిలిటరీకి పోతాండా, తక్కెడ పట్టుకునే రాత నాకొద్దప్పా అన్నాడు. నేనూ వస్తానని చేతిలో చెయ్యేశాను. దేశం మీది ప్రేమ ఎంతో, ఊరు దాటాలన్న ఆశ ఎంతో ఇప్పుడు విడదీసి చెప్పలేను. చిన్నాయన పోయిన దారి చూడాలన్న కోరిక కూడా ఉండిందనుకుంటాను.

జూన్‌లో బుక్కులు వచ్చాయి. ఇద్దరం ప్యాసయ్యాం. వచ్చే గురువారం మనుషులను చేర్చుకోవడానికి నంద్యాలకు మిలిటరీవాళ్లు వస్తున్నారని, బుక్కు తప్పకుండా తేవాలని తెలిసింది. నాకు ఉత్సాహం ఆగక, బజారులో దళసరి కాకీ కాగితం కొని, నా బుక్కుకు అట్ట వేసుకున్నాను. ఆ చేత్తోనే, జేజి సంతోషిస్తుందని, చిరిగిపోయిన చిన్నాయన బుక్కు మూలలు కత్తిరించి, దానికీ అదే కాగితంతో అట్ట వేశాను. రెండూ పక్కపక్కన పెట్టె మీద పెట్టి, గురువారం పోతున్నానని ఆమెకు చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడం చూసి ఒప్పుకుందనుకున్నాను, ఎంత వెర్రివాణ్ని.

మరునాడు పొద్దున నడవడి సర్టిఫికెట్టు కోసం ఆళ్లగడ్డ సర్కారు ఆఫీసుకు పోయి, ఎండెక్కాక ఇల్లు చేరేసరికి పెట్టె మీద ఏమీ లేదు. పెరట్లో నీళ్ల పొయ్యి ముందు జేజి కూర్చుని ఉంది. కంది కట్టెల బూడిదలో పుస్తకం బూడిద పుస్తకంలాగే, పేజీలు పేజీలుగా ముడుచుకుని ఉంది. నేను నోరు తెరవకముందే ఆమే చెప్పింది.

“కాల్చినా. వాడు బుక్కు సూపిచ్చినందుకే గదా తీసకపోయినారు? ఇంక నిన్నెట్ల తీసకపోతారో నేనూ సూస్తా.”

అప్పుడు నేనన్న మాటలు ఇక్కడ రాయను. కొడుకును మింగింది చాలక నన్నూ పూడ్చేశావన్నంత దాకా పోయాను. ఆమె తల వంచుకుని అన్నీ వింది. ఉన్న బట్టలతోనే వెళ్లిపోదామని లోపలికి పోయి పెట్టె తెరిస్తే, చొక్కాల మీద పసుపు మూట కనబడింది. ఎందుకో విప్పాను. అందులో ఉన్నది నా బుక్కు, నా పేరు, హెడ్మాస్టరు గారి సంతకం ఇంకా కొత్తగా మెరుస్తూ.

మూట ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. చిరిగిన మూలను బట్టి తన బుక్కును పోల్చుకునే మనిషికి ఆ మూల లేకుండా చేసింది నేనే, రెండింటికీ ఒకే కాగితం చుట్టిందీ నేనే. ఈ బుక్కు తీసుకుని గురువారం వెళ్లానంటే, కొడుకు ఆనవాలును తన చేతులతో తనే పొయ్యిలో పెట్టానని ఆమెకు తెలిసిపోతుంది. తీసుకోకపోతే నా బతుకు ఈ దొడ్లోనే. బయట ఆమె, ఎండన పడొచ్చినావు, ఇన్ని మజ్జిగన్నా తాగు నాయనా అని పిలుస్తోంది. మూట ఎట్లా ఉందో అట్లాగే కట్టి పెట్టేసి, బయటికి వచ్చి మజ్జిగ తాగాను.

శెట్టిగారి కొడుకుతో బుక్కు కాలిపోయిందన్నాను, అది అబద్ధం కాదు గదా. ఇంకోటి తెప్పిచ్చుకోవచ్చులే, రెండో తూరికి వద్దువు అని ఓదార్చి, గురువారం ఒక్కడే బస్సెక్కాడు. ఆ బస్సు దుమ్ము అణిగేదాకా నేను రోడ్డు మీదే నిలబడ్డాను. ఆ మజ్జిగ తాగాక ఇంకో బుక్కుకు అర్జీ పెట్టడానికి నాకు మనసు రాలేదు. మా నాయన ఈ సంగతి విని, మరునాడు నాకు కాడి అప్పగించాడు.

తరువాతి అమావాస్యకు జేజి మూట విప్పి నా చేతిలో పెట్టింది. నా బుక్కు నా ముందు తెరుచుకుని, నా పేరు ఉన్నచోట చిన్నాయన పేరు, నా మార్కులున్నచోట ఆయన మార్కులు, నా మచ్చలున్నచోట ఆయన మచ్చలు చెప్పాను. ఏళ్ల తరబడి చదివింది గనక అంతా నోటికి వచ్చు. ఆమె చెయ్యెత్తి గొర్రు సంగతి చెప్పింది, నవ్వింది, ఏడ్చింది. అట్లా ఏడాదికి పైగా గడిచింది.

ఒక అమావాస్య, ఆ పొద్దునే స్నేహితుడి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. మంచు కొండలు చూశాననీ, తెల్లవారితే అవి బంగారంలా కనబడతాయనీ రాశాడు. నా మనసంతా ఆ కొండల మీదే ఉంది. పరధ్యానంలో, కళ్ల ముందున్నది ఉన్నట్టే చదివేశాను. కుడి భుజం మీద పుట్టుమచ్చ అన్నాను. అన్న తరువాత గానీ ఏమన్నానో నాకే తెలియలేదు. రెండు మార్కులు తేడా వస్తేనే మొట్టే మనిషి కదా, ఇప్పుడేమంటుందోనని చూస్తున్నాను. జేజి చెయ్యి చాచి, నా చొక్కా పక్కకు జరిపి, కుడి భుజం మీద నా మచ్చ ఉన్నచోట వేలు పెట్టింది.

“ఈడనే గదా,” అంది.

నేను ఆమె ఒళ్లో తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను. ఎప్పటి నుంచి తెలుసో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. బహుశా చేతికి తగిలిన బరువును బట్టి, వాసనను బట్టి, మొదటి నుంచీ తెలుసేమో. కాసేపటికి నా తల నిమురుతూ అంది.

“దీన్ని తీసకపో. వాడు మాస్టరు ట్రైనింగుకు పోతాననె. వానికి బదులు నువ్వు పో. వాని బుక్కు నీకు నోటికొచ్చు, నాకూ నోటికొచ్చు. ఇంక కాయితమెందుకు?”

ఆ బుక్కుతోనే ట్రైనింగుకు పోయాను, పంతులునయ్యాను. శెట్టిగారి కొడుకు చైనా యుద్ధం చూసి, కాలు కొంచెం ఈడుస్తూ అయినా క్షేమంగానే తిరిగి వచ్చాడు, మా చిన్నాయన రాలేదు. ఎవరు వస్తారో ఎవరు రారో ముందుగా తెలిసే ఉపాయమే ఉంటే మా జేజి పొయ్యి ముందు కూర్చునేది కాదు. నేను మాత్రం ఉద్యోగం చేసినన్నాళ్లూ పరీక్షకు పోయే ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ మచ్చలు నేనే స్వయంగా చూసి రాశాను. తోటి పంతుళ్లు వేళాకోళం చేసేవారు, నవ్వి ఊరుకునేవాణ్ని.

ఇప్పుడు మనిషిని పోల్చుకోవడానికి వేలిముద్రలు, కంటిపాపలు, లెక్కలేనన్ని ఫోటోలు. మా మనవరాలు పుట్టిన గంట నుంచీ ఎట్లా నవ్విందో ఎట్లా ఏడ్చిందో అన్నీ సెల్లులో ఉన్నాయి. ఇంత ఉన్నాక రెండు మచ్చల కోసం ఈ తాత అరవడం దానికి చాదస్తంగానే కనిపిస్తుంది. కనిపించనీ. మరునాడు పొద్దున ఎండలో కూర్చోబెట్టి వెతికితే, ఎడమ చెవి వెనక నువ్వుగింజంత మచ్చ దొరికింది. దాని చేతే కాగితంలో రాయించాను.

నా బుక్కు ఇప్పటికీ పసుపు గుడ్డలోనే ఉంది. అందులో ఉన్నవి నా మచ్చలే, నా మార్కులే. కానీ ఎప్పుడు తెరిచి చదవబోయినా నా నోటికి వచ్చేవి మా చిన్నాయనవే. లెక్కల్లో అరవై ఎనిమిది, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ, కుడి మోకాలి కింద గాయపు మచ్చ. తప్పు చదివితే పట్టుకునేవాళ్లు లేరు గనక నిదానంగా, ఒక్క ముక్క పోకుండా చదువుకుంటాను.