నలుగురి సగటు బరువు

ఆదివారం, ముసురు. కొబ్బరి బస్తాల మీద పరదా కప్పి వచ్చేసరికి మా అమ్మాయి కెమిస్ట్రీ పుస్తకంతో కూర్చుని ఉంది. "క్లోరిన్ బరువు ముప్ఫై అయిదున్నరేంటి నాన్నా? ఆ అర ఎక్కడిది?" అంది.

మన గ్రూపులో మా ఈడు వాళ్ళకి గుర్తుందా, మా కొట్లో బస్తాలు తూచే ఇనుప కాటా? బడి మానేసిన నాకు అక్క ఈ పాఠం దాని మీదే చెప్పింది. తమ్ముళ్ళిద్దరితో, నాతో పాటు తనూ ఎక్కి, మొత్తాన్ని నాలుగుతో భాగించింది.

"ఇంత బరువున్నవాళ్ళు మనలో ఒక్కరూ లేరు, చూశావా? క్లోరిన్‌లోనూ మూడొంతుల పరమాణువులు ముప్ఫై అయిదువి, ఒక వంతు ముప్ఫై ఏడువిరా. పుస్తకంలో వేసేది సగటు."

ఆ ఏడాదంతా అక్కకి జ్వరాలు. "చిక్కిపోతున్నావే" అని అమ్మ అన్నప్పుడల్లా అక్క మా ముగ్గుర్నీ తనతో పాటు కాటా ఎక్కించేది. "సగటు తగ్గిందేంటమ్మా?" అనేది. "ఆయ్, తగ్గలేదమ్మగారూ" అనేవాడు కాటా చూసే మా కొట్టు గుమస్తా. అమ్మ నమ్మేది.

మేం ముగ్గురం పెరుగుతున్నాం. తన తరుగు మా పెరుగుదలలో కలిసిపోయింది. అక్క ఒక్కతీ ఎప్పుడూ కాటా ఎక్కలేదని ఎవరికీ తట్టలేదు. ఆసుపత్రిలో ఒక్కదాన్నే నిలబెట్టి తూచారు. ముల్లు చూసి అమ్మ మళ్ళీ తూచమంది. అక్క మళ్ళీ ఇంటికి రాలేదు.

అమ్మాయిని కాటా దగ్గరికి తీసుకెళ్ళి లెక్క చెప్పాను. "నువ్వూ ఎక్కు నాన్నా, సగటు తీద్దాం" అంది. నేను ఎక్కలేదు. దాన్ని ఒక్కదాన్నే నిలబెట్టి తూచాను.

ఇక గ్రూపులో రోజూ పెట్టే బస్తాల తూకం లెక్క, ఈ రోజుది…