పెద్దమ్మ ముందు పెట్టిన గ్లాసు

మా చర్చి సంఘంలో నన్ను తగువులమారి అంటారు. అననివ్వండి. నాకు జరిగిన అవమానం ఒక్కటీ మర్చిపోలేదు. మా పెద్దమ్మకు జరిగింది అసలే మర్చిపోను.

నా చిన్నప్పుడు రెడ్డిగూడెం మామిడి తోటల్లో కాయ కోతకు వెళ్తే, రైతు పాక చూరులో మావాళ్ళ గ్లాసులు వేరుగా దోపి ఉండేవి. టీ తాగి, మేమే కడిగి, మళ్ళీ అక్కడే దోపాలి. ఆ గ్లాసుల బాధ పడలేకే మా నాన్న బాప్తిస్మం తీసుకున్నాడు. "ఇక్కడ అందరికీ ఒకటే గిన్నె" అని మురిసిపోయేవాడు.

పెద్దమ్మ ఆ తోటల్లోనే కాయల తొడిమలు విరిచేది. తొడిమ నుంచి కారే సొన పడి తోట మనుషులందరి చేతులకీ మచ్చలుంటాయి. ఆమె ముంజేతి మీద తెల్లబారిన మచ్చనూ సొన మచ్చే అనుకుని నాలుగు కాపుల పాటు కొబ్బరినూనె రాశాం. సొన పడితే మండుతుంది, ఈ మచ్చకు స్పర్శే లేదు. ఆ తేడా ఎవరికీ తట్టలేదు. వేళ్ళు వంకరపోయాక గానీ ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. కుష్టు అన్నారు. ఏడాది మందులు మింగింది, తగ్గింది. ఇక ఎవరికీ అంటదని డాక్టరమ్మ కాగితం కూడా రాసిచ్చింది. వేళ్ళు మాత్రం అలాగే ఉండిపోయాయి.

ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం, ప్రభు బల్ల దగ్గర, అందరూ ఒకరి తర్వాత ఒకరు తాగే ద్రాక్షరసం గిన్నె ఆడవాళ్ళ చాప దాకా వచ్చింది. సంఘ పెద్ద పెద్దమ్మను దాటించి గిన్నె నా చేతికిచ్చాడు. ఆమె ముందు ద్రాక్షరసం పోసిన స్టీలు గ్లాసు పెట్టాడు.

"ఇదేంటండీ?" అన్నాను.

"నీకెందుకమ్మా. అందరి మంచికే."

"కాగితం చూపించాంగా."

"కాగితాన్ని ఎవరు కాదన్నారు? జనం మనసులో ఉంటది కదా."

"మొదలెట్టింది" అని నా పక్కావిడ గొణిగింది.

పెద్దమ్మ నా కొంగు లాగింది. "ఊరుకోవే. గ్లాసైతే ఏంటి, రసం అదేగా."

ఆమె ఆ గ్లాసు ఒక్కసారి ఎత్తితే చాలు, చచ్చేదాకా అదే ఆమె గ్లాసు. చూరు గ్లాసులు చూసినదాన్ని, నాకు తెలుసు.

"ఆ చూరులో మీ నాన్న గ్లాసు మా నాన్న గ్లాసు పక్కనే ఉండేది" అన్నాను సంఘ పెద్దతో. "యేసయ్య కుష్టువాణ్ణి ముందు ముట్టుకుని, తర్వాత బాగుచేశాడు. మా పెద్దమ్మ బాగుపడే వచ్చింది. ఇంకా ఏం కావాలండీ మీకు?"

గిన్నె పెద్దమ్మకు అందించాను. ఆ వేళ్ళతో ఆమెకు పట్టు చిక్కదు, అడుగున నేను పట్టుకున్నాను. ఆమె తాగింది. అంచు తుడవకుండా నేనూ తాగాను.

వెనక నలుగురు లేచి వెళ్ళిపోయారు. వాళ్ళెవరో ఈ రోజుకీ వరసగా చెప్పగలను. గొణిగిన ఆవిడ మాత్రం చెయ్యి చాచింది.

"ఇటివ్వవే. ఎంతసేపు పట్టుకుంటావ్" అని విసుక్కుంటూనే తాగింది. అదీ మర్చిపోలేదు.