వాపు చూసి తీర్పు

1959 మే 14, గురువారం. కరీంనగర్ జిల్లాలోని మా నేతగాళ్ల ఊరు. హాజరైనవారు: పోలీసు పటేలు, పింఛను పుచ్చుకుంటున్న పోలీసు జమేదారు, బడిపంతులు, నేత సంఘం గుమాస్తాగా నేను, దెబ్బలు తిన్న నేతగాడు. అతని భార్యను ఎవరూ పిలవలేదు; అయినా వచ్చింది.

ఆ ఉదయం అతను వీధిలో పడుగు నూలు సాచి గంజి పట్టిస్తున్నాడు. పెద్ద అధికారి జీపు వస్తోంది, తీసేయమన్నాడు బందోబస్తుకు వచ్చిన పోలీసు జవాను. తడి పడుగు ఆరకముందే తీస్తే నూలంతా అతుక్కుపోతుందని నేతగాడు బతిమాలాడు. జవాను లాఠీతో అతని కుడిచెయ్యి మీద బాదాడు. జీపు ఆ దారిన రానేలేదు.

పెద్దమనుషులు కరీంనగర్ వచ్చి పై అధికారికి ఒక మాట చెప్పాలని నేతగాడి కోరిక. ముందు అది హద్దు మీరిన దెబ్బో కాదో తేలాలన్నారు పటేలు.

"రక్తం రాలే. రక్తం రాకుంటే అది సముదాయించుడే," అన్నారు జమేదారు. "మా జమానల లాఠీకి నూనె పెట్టేటోళ్లం. గిప్పటోళ్లకు కొట్టుడే రాదు."

"మా పంతులు నన్ను గింతకన్నా మస్తు కొట్టిండు," అన్నారు బడిపంతులు గర్వంగా.

"అందుకేనా పంతులూ, మతి గిట్లయింది?" అన్నారు పటేలు. అందరం నవ్వాం. నేతగాడూ నవ్వబోయి చెయ్యి పట్టుకున్నాడు.

తర్వాత ఎవరు తిన్న దెబ్బలు వారు చెప్పుకున్నారు. ఎవరి దెబ్బా ఇంకొకరి దెబ్బకు తీసిపోలేదు. చివరికి పటేలే దారి చూపారు. "రేపు పొద్దుగాల చూద్దాం. వాపు ఉంటే జ్యాదతి, హద్దు మీరినట్టే, కరీంనగర్ పోదాం. దిగితే మామూలే."

ఇంత తేలికైన కొలత చట్టంలో కూడా లేదని పంతులు మెచ్చుకున్నారు.

"గట్లయితే పసుపు, సున్నం పట్టు వెయ్యాల్నా, వద్దా పటేలా?" అని అడిగింది నేతగాడి భార్య.

"వేస్తే సాక్ష్యం చెడుతది బిడ్డా," అన్నారు జమేదారు. వేయకపోతే హింస అవుతుందన్నారు పంతులు. దాని మీద మళ్లీ వాదన మొదలైంది. ఆమె మొగుణ్ణి లేపుకొని వెళ్లిపోయింది.

మర్నాడు ఉదయం అందరం వాళ్లింటికి వెళ్లాం. పటేలు పసుపు మరకలున్న నేతగాడి చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "దిగింది. మామూలే," అని తేల్చారు.

"కేసు కోసమని చెయ్యి కుళ్లబెట్టుకోమంటరా?" అంది ఆమె.

నేతగాడు మగ్గం గుంటలో దిగి కూర్చొని పేక పోగు విసిరే నాడె అందుకోబోయాడు. వేళ్లు ముడుచుకోలేదు. నాడె జారి గుంటలో పడింది.

"వాపయితే లేదు గద," అన్నారు జమేదారు.