మావయ్య పాత నంబరు

మావయ్య నెట్ సెంటర్‌లో ఎనిమిది కంప్యూటర్లకు ఒక్కటే ఫ్యాన్. అది ఎప్పుడూ కంప్యూటర్ల వైపే తిరిగి ఉండేది. "మనుషులు చెమట పట్టినా బతుకుతారు, ఇవి బతకవు" అనేవాడు. ఎవరైనా పెద్దావిడ మనవరాలి ఫొటో చూడడానికి వస్తే, బొమ్మ పైనుంచి గీత గీతగా దిగుతున్నంతసేపూ పక్కన నిలబడి చెప్పేవాడు.

"జుట్టు వచ్చిందమ్మా. నుదురు వచ్చింది. కంగారు పడకండి, ముక్కు దారిలో ఉంది."

ఆ ముక్కు కోసం గదిలో అందరూ ఎదురుచూసేవారు. మూల స్టూలు మీద కథల పుస్తకంతో కూర్చున్న నేను కూడా.

మా వీధిలో సగం మందికి మొదటి మెయిల్ తెరిచిపెట్టింది ఆయనే. ఫోన్ నంబరు అడిగిన చోట అందరికీ సెంటర్ ల్యాండ్‌లైనే ఇచ్చేవాడు. "పాస్‌వర్డ్ మరిచిపోతే వచ్చేది నా దగ్గరికే కదా!" తన మెయిల్‌కూ అదే ఇచ్చుకున్నాడు.

ఆ మెయిల్‌లోనే అత్తయ్య ఉత్తరాలున్నాయి. పెళ్ళయిన కొత్తలో ఆవిడ మూడేళ్ళు వేరే ఊళ్ళో నర్సుగా పనిచేసింది. డ్యూటీ దిగాక రోజూ రాసేది. ఆయన ఒక్కటీ ప్రింటు తీసుకోలేదు. "కాగితమైతే చిరుగుతుంది. నెట్‌లో ఉన్నది ఎక్కడికి పోతుంది?" అని వచ్చినవాళ్ళకు చెప్పి చెప్పి, తానూ నమ్మాడు.

సెంటర్ మూతపడి పదేళ్ళయింది. అత్తయ్య పోయి రెండేళ్ళు కావస్తోంది. ఆవిడ పోయాక ఆ ఉత్తరాలు చూసే ధైర్యం ఆయనకు లేకపోయింది. ఇంట్లో కంప్యూటర్ కూడా ఆ ఏడే చెడిపోయింది. రెండేళ్ళుగా తెరవని మెయిళ్ళన్నీ నెలాఖరుకు తీసేస్తారని పేపర్లో చదివి, నేను లాప్‌టాప్ తీసుకుని ఆయన ఇంటికి పరుగెత్తాను.

పాస్‌వర్డ్ ఆయనకు గుర్తుంది. కానీ ముందు ప్రకటనలు తొలగించాలి, దేనికో ఒప్పుకోవాలి, బొమ్మల్లో సైకిళ్ళు ఏరి మనిషినని రుజువు చేసుకోవాలి.

"నేను మనిషినో కాదో దీనికెందుకే అనుమానం?" అన్నాడు మావయ్య.

చివరికి కొత్త కంప్యూటర్ కాబట్టి పాస్‌వర్డ్ ఒక్కటే చాలదంది. పాత నంబరుకు ఫోన్ చేసి ఆరంకెలు చెబుతానంది. సహాయానికి ఫోన్ చేస్తే ఒక యంత్రం "మీ ఇబ్బంది మాకు అర్థమైంది" అని ఏడుసార్లు అని పెట్టేసింది.

సెంటర్ మూసినప్పుడు వదిలేసిన ఆ పాత నంబరు ఇప్పుడు రెండు వీధుల అవతల రక్తపరీక్షల కేంద్రానికి ఇచ్చారు. ఇద్దరం వెళ్ళాం.

"అమ్మా, ఇప్పుడు మీకో ఫోన్ వస్తుంది. ఆరంకెలు చెబుతుంది. అవి నాకు చెబితే చాలు" అన్నాడు మావయ్య.

కౌంటర్లో అమ్మాయి ముఖం మారిపోయింది. "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని రోజూ చెవిలో ఊదుతున్నారు కదండీ!"

"ఈ నంబరు ఒకప్పుడు నాదేనమ్మా."

"పోయిన వారం మా అక్కను ముంచినవాడు కూడా ఇంత మర్యాదగానే మాట్లాడాడు."

నేను లాప్‌టాప్‌లో 'ఫోన్ చేయండి' అన్నచోట నొక్కేశాను. బల్ల మీద ఫోన్ మోగింది. ఆమె ఎత్తింది, మమ్మల్నే చూస్తూ చివరిదాకా విని, పెట్టేసింది.

"వెళ్తారా, మా సార్‌ని పిలవమంటారా?"

నేను గట్టిగా అడగాల్సింది. లాప్‌టాప్ మూసేశాను. బెంచీ మీద ఎవరో మమ్మల్ని వీడియో తీస్తున్నారు. సాయంత్రానికి అది 'ఓటీపీ దొంగ' పేరుతో మా వీధి గ్రూపులోకి వచ్చింది. ముందుకు పంపింది బట్టల కొట్టాయన. ఆయన మొదటి మెయిల్ తెరిచింది మావయ్యే.

తర్వాత మావయ్య గడప దాటలేదు. గడువు దాటిపోయింది.

మర్నాడు నన్ను పిలిచి నోటుబుక్కు ఇచ్చాడు. "గుర్తున్నంతవరకు చెబుతాను, రాసిపెట్టు."

నేను పెన్ను తీశాను. "బస్సు దొరికింది" అన్నాడు. "ఇంకా కోపమేనా. గొడుగు మరిచిపోయాను. ఆరో నంబరు బెడ్ తాతగారు." అవి ఉత్తరాల పైన పేర్లు. మెయిల్ తెరవగానే ముందు కనిపించే వరుస. తొమ్మిది చెప్పి ఆగిపోయాడు.

"కంగారు పడకు మావయ్యా. లోపలివి కూడా గుర్తొస్తాయి."

ఆయన నా చేతిలో పెన్ను తీసుకుని మూత పెట్టాడు.

"రావు తల్లీ. కావాలన్నప్పుడల్లా తెరుచుకోవచ్చు కదా అని మనసులో పెట్టుకోలేదు."