చెమ్మ

పోలియోతో వంకరైన నా ఎడమ పాదానికి పన్నెండేళ్లప్పుడు బెంగళూరులో ఆపరేషన్ చేసి ఎముకలు అతికించారు. ఇక పాదం పక్కలకు తిరగదు, చీలమండ దగ్గర మాత్రం పైకీ కిందికీ ఆడుతుంది. ధర్మవరంలో పట్టుచీర నేసేవాడికి అది చాలు. మగ్గం గుంతలో కాళ్లు దించి చెక్కలు తొక్కగలిగితే బతుకు గడిచిపోతుంది.

పిండికట్టు వేసి, మూడు నెలలు కాలు మోపొద్దన్నారు. నెల తిరక్కుండానే నాయన నన్ను ఎత్తుకొచ్చి గుంతలో దించాడు. "తొక్కప్పా, చూస్తా" అన్నాడు. రోజూ కాసేపు తొక్కాను. పట్టుపోగులు తెగకుండా మేం గుంతలో నీళ్లు చల్లుతాం. ఆ చెమ్మకు పిండికట్టు మెత్తబడింది. పాదం లోపలికి ఒరిగి అతుక్కుంది.

తర్వాత పదిహేనేళ్లు ఆ కాలుతో వేగాను. నడుస్తుంటే చీలమండ మడత పడేది, బజార్లో కూలబడేవాణ్ని. "ఏమప్పా, పొద్దున్నే ఏసినావా?" అని నవ్వేవాళ్లు. లేవడానికే విసుగొచ్చేది.

ఎనభైల్లో మళ్లీ బెంగళూరు పోయాం. చీలమండ కూడా అతికించేస్తే కాలు గట్టిగా నిలుస్తుంది కానీ మగ్గం మరిచిపోవాలన్నాడు డాక్టరు. లేదంటే కీలు అలాగే ఉంచి, మడమ ఎముక కోసి సరిచేసి, సాగిన నరం బిగించాలి. దానికి మాత్రం పూచీ లేదన్నాడు. కీలు ఉంచమన్నాను.

"అప్పట్లో కట్టుతోనే కాలు మోపావా?" అని అడిగాడు. నాయన పక్కనే తల దించుకుని ఉన్నాడు. ఆయన మీద నాకు కోపం ఉండేది. అయినా "ఆడుకునేదానికి ఎగిరినాను సార్" అన్నాను.

ఆపరేషన్ అయ్యాక నేను కట్టుతో మంచం మీద పడితే, మగ్గం మానేసి ఎన్నాళ్లో అయిన నాయనే గుంతలో దిగాడు. పోగులు టపటపా తెగేవి. దగ్గుకుంటూ ఒక్కోటీ ముడేసేవాడు. చూడలేక విసుక్కున్నాను. "నీళ్లు చల్లు నాయనా, ఎన్నని ముడేస్తావు?"

"నీ కట్టు ఇప్పినాంక చల్లుతాలే."

ఆ కట్టుకూ ఈ గుంతకూ ఇప్పుడు సంబంధం ఏముంది?

కట్టు విప్పి, డాక్టరు సరేనన్నాక గుంతలో దిగాను. అడుగున నేల ఎండి బీటలు వారింది. చెక్క తొక్కాను. నొప్పిగానే ఉంది, కానీ చీలమండ మడత పడలేదు. నాయన చెంబుతో నీళ్లు తెచ్చి గట్టు మీద నిలబడ్డాడు. నా పాదం వైపే చూశాడు.

"చల్లమంటావా?" అన్నాడు.

"చల్లు నాయనా" అన్నాను.