పక్కకి జరిగిన మేకు

తత్వవేత్తలు ఆత్మ గురించి గ్రంథాలు రాశారు గానీ, రాసినంతసేపూ తమ పిరుదుల కింద ఏముందో ఒక్కరూ రాయలేదు. ఊళ్ళు తిరిగి కాళ్ళు అరిగినవాణ్ణి, నాకు స్టూలు విలువ తెలుసు. అందుకే ఈ వడ్రంగి కథ.

ఆయన గుండ్రటి చట్రానికి ఇరవైనాలుగు చిల్లులు వేస్తే, వాళ్ళ వదిన తాడుతో అల్లుతుంది. ఒకటి నుంచి తొమ్మిదికి, పదిహేడుకి, మళ్ళీ ఒకటికి ఒక త్రిభుజం. తర్వాత రెండు, పది, పద్దెనిమిది. ఎనిమిది త్రిభుజాలయ్యేసరికి నడుమ గుండ్రటి ఖాళీ మిగులుతుంది.

బల్ల మీద వలయంగా సమదూరపు గీతలున్నాయి, నడుమ మేకు ఉంది. చట్రం గీతలకి ఆనించి, ఒక్కో గీత నుంచి మేకు మీదుగా దారం లాగి, అవతలి అంచున తగిలిన చోట చిల్లు వేస్తాడు. నేరుగా గీత దగ్గరే వెయ్యొచ్చుగా అంటే, “మా నాన్న ఇలాగే వేసేవాడు” అంటాడు.

ఒకరోజు మేకు వదులైంది. కళ్ళజోడు జేబులోనే ఉంచుకుని, మూడు వేళ్ళ వెడల్పు పక్కకి కొత్తది కొట్టాడు. చిల్లులు ఒకవైపు కిక్కిరిశాయి, ఇంకోవైపు పలచబడ్డాయి.

వదిన డ్రిల్లు తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసింది.

“ఇది నువ్వు పాడుచేసిన మూడో చట్రం మరిదిగారూ. ఇక నీ పని అయిపోయింది.”

“డ్రిల్లు లేకుండా ఏం చెయ్యను వదినా?”

“స్టూలెక్కి కూర్చో. అదొక్కటే నువ్వు పాడుచెయ్యలేని పని.”

మూడు రోజులు కూర్చున్నాడు. తన చేతులు ఎవరో మర్చిపోయి వదిలేసిన సామానన్నట్టు వాటినే చూసుకుంటూ. చట్రం పారెయ్యడం ఇష్టంలేక ఆవిడ లెక్క తప్పకుండా అల్లేసింది. ఖాళీ పక్కకి జరిగి కోలగా వచ్చింది.

స్టూలు చెయ్యమన్న లెక్కల మాస్టారు వచ్చి, తిరగేసి మరగేసి చూసి, బల్ల మీది గీతల్నీ మేకునీ దారాన్నీ కూడా చూశాడు.

“దీన్ని ఎవరు లెక్కగట్టారు?”

“లెక్కా పాడా! గుడ్డు పెట్టాడు మావాడు.”

“గుడ్డుకి ఒకవైపు లావుంటుందమ్మా. ఇది అసలు సిసలు దీర్ఘవృత్తం! గీతని మేకు మీదుగా అవతలికి పంపడమే ఒక సంకీర్ణ ప్రమేయం. వృత్తం లోపల మేకు ఎక్కడున్నా సరే, ఎనిమిది త్రిభుజాలూ ఒకే దీర్ఘవృత్తాన్ని తాకుతాయి.”

“సంకీర్ణమా? మా ఇంట్లో నడిచే ప్రభుత్వమూ అదే.”

“బోర్డు మీద నాకెప్పుడూ ఇంత బాగా రాలేదు. తరగతికి ఇంకో నాలుగు కావాలి, ఒక్కోదానికి ఒక్కోచోట మేకు.”

వడ్రంగి లేచి నిలబడ్డాడు. కళ్ళజోడు పెట్టుకుని వదినకేసి చూశాడు. ఆవిడ బీరువా తెరిచి డ్రిల్లు ఆయన చేతిలో పెట్టింది.

“మేకు ఎక్కడ కొట్టను వదినా?”

“నీకు నచ్చిన చోట కొట్టు. వేలు మాత్రం పక్కకి తీసి కొట్టు.”